మూటలో లేని పటం

ఖానాపూర్,
3 నవంబరు 1967.

చిరంజీవి కమలకు,

పదిహేడేండ్ల కింద మీ బాపు నాకొక మాట ఇచ్చి తప్పిండు. తమ్ముడు రాజం పోయి నలభై రోజులైనా కరీంనగర్ ఎందుకు రాలేదని అడిగినవు కదా, జవాబు అదే. మనిషి పోంగనే అతను తప్పిన మాట కూడా కాలిపోతదని లోకం అనుకుంటది. నేను అనుకోను.

అప్పుడు నీకు పదేండ్లు. నీకెవ్వరూ చెప్పి ఉండరు. చెప్పినా మీ బాపు పక్షాన్నే చెప్పి ఉంటరు. నా నోటితో విను.

మన పద్మశాలోళ్లకు మన కులకథ చెప్పేటోళ్లు కూనపులివారు. ముప్పై మూరల బట్ట మీద గీసిన పటాన్ని ఊరూరా విప్పి, బొమ్మ బొమ్మకు పాట పాడుతరు. ఏ ఊర్లు ఎవరివో తాతలనాడే పంచుకున్నరు. వాళ్లకు పొలమైనా పుట్రయినా ఆ హక్కే. ఖానాపూర్ చుట్టు నలభై ఊర్ల హక్కు మొండయ్యది. పటం పాతబడితే కొత్తది గీయించి, పాతదాన్ని పోయిన మనిషి లెక్కనే సాగనంపుతరు. పూజ చేసి, కొత్త తెల్లబట్టలో చుట్టి కుట్టి, గోదావరి గంగలో విడుస్తరు. కుట్టిన మూటను మళ్లీ విప్పరు. విప్పితే పాడె మీది శవాన్ని లేపి కూచోబెట్టినట్లే.

1949 కార్తీకంలో, నవంబరు 8 నాడు, మొండయ్య పాత పటానికి మా ఇంట్లోనే పూజ అయింది. మీ బాపు కూడా వచ్చిండు. మూట ఇంటి ఆడమనిషే కుట్టాలె కనుక మీ పెద్దవ్వ సత్తమ్మ కుట్టింది. మొండయ్య దాన్ని ఎడ్లబండి మీద పెట్టుకొని, మూడు దినాలు నడిచి, బాసరలో గంగలో విడిచి వచ్చిండు. ఆ మరుసటి ఎండకాలం గంగ తగ్గింది. మూట ఇసుకదిబ్బకు పట్టింది. బెస్తవాళ్లు విప్పి చూస్తే లోపల పటం లేదు. పాత బొంత ఉంది.

కులం కూడింది. మూడు దినాలు మూట తల కింద పెట్టుకొని పండుకున్నది మొండయ్యే, పటం అమ్ముకున్నది మొండయ్యే అన్నరు. చదువుకున్న పంతులునని తీర్పు రాసే పని నాకు పెట్టిండ్రు. అప్పుడు మీ బాపు జాబు రాసిండు: "అన్నా, మొండయ్య దొంగ కాదు. నేనే వచ్చి అతని పక్షాన నిలబడత. నేను వచ్చేదాకా కలం పట్టకు." నేను కులపెద్ద రాయమల్లును బతిమాలి పొద్దుగూకేదాకా ఆపిన. నిర్మల్ నుంచి ఆఖరి బస్సు వచ్చింది, పోయింది. మీ బాపు దిగలేదు. రాయమల్లు అందరి ముందట నవ్విండు: "ఏం పంతులూ, మీ వకీలు ఫీజు ఇయ్యంది గడప దాటడా?"

నేను తీర్పు రాసిన. నలభై ఊర్ల హక్కు పోయి, మొండయ్య నస్పూర్ బొగ్గుబాయిలో కూలికి పడ్డడు. ఇప్పుడు కనీసం కొడుకు కొండల్‌కైనా ఆ హక్కు తిరిగి ఇయ్యమని కులానికి అర్జీ పెట్టుకున్నడు. జనవరిలో సభ. పాత తీర్పు నాదే గనుక మాట కూడా నన్నే చెప్పమన్నరు.

మీ బాపు డైరీలన్నీ ఉర్దూలో ఉన్నయని, బయటివాళ్లతో చదివించుకోవటానికి మనసు ఒప్పటం లేదని రాసినవు. పంపు. ఉర్దూ, ఫార్సీ చదివి చదివి నా కండ్లు పోయినయి గాని బుద్ధి పోలేదు. ఆయన దస్తూరి కోడి గెలికినట్లు ఉంటది, అయినా చదువుత. ఆ రోజు ఎందుకు రాలేదో చూడాలె. ఇది ప్రేమ అనుకొని పరేషాన్ కాకు.

మీ పెద్దబాపు,
రామచంద్రం.


కరీంనగర్,
13 నవంబరు 1967.

పెద్దబాపుకు కమల దండాలు.

తండ్రి పోయిన బిడ్డకు రాసే జాబు ఇదేనా అని మొదట చింపబోయిన. తర్వాత బాపు మాట గుర్తుకొచ్చి నవ్వొచ్చింది. "మా అన్న నోరు పటికబెల్లం కాదు బిడ్డా, ఉత్త పటిక" అనేటోడు. మీ మీద ఒక్కనాడు కూడా దానికంటే గట్టి మాట అనలేదు.

ఇక్కడ ఇల్లు ఇల్లు లెక్క లేదు. కుర్చీలో కూచుందామంటే ఫిరంగి గుండు కూచొని ఉంది. బియ్యం డబ్బా వెనుక బిద్రి హుక్కా. మంచం కింద పదకొండు కత్తులు, ఒక్కటి కూడా వంకాయ కోయటానికి పనికిరాదు. అమ్మ బతికున్నప్పుడు, "మీ బాపు ఏదో ఒకనాడు నాకూ చీటి అంటించి అల్మార్ల నిలబెడ్తడు" అనేది. ప్రతి వస్తువుకు నిజంగానే చీటి ఉంది. చీటి మీద నంబరు. ఆ నంబరు వెతికితే డైరీలో దాని పుట్టుపూర్వం ఉంటదని బాపు చెప్పేటోడు.

1949 డైరీ రిజిస్టరు పోస్టులో పంపుతున్న.

ఇక రాయాల్సింది రాస్త. చీటి లేని పెట్టె ఒక్కటే ఉంది. టేకు పెట్టె, నా కంటే పొడుగు. తాళంచెవి దొరకలేదు. మీ జాబు రాకముందే తాళం పగలగొట్టించిన. లోపల ఎండిన వేపాకు నడుమ బట్ట చుట్ట. విప్పుకుంటూ పోతే వసారా చాలలేదు. ఎర్రటి నేల మీద మగ్గాలు, రుషులు, పులి మీద కూచున్న ఒకాయన. ఏదో మంచి బొమ్మలబట్ట అనుకొని మళ్లీ చుట్టి పెట్టిన. మీ జాబు చదివినంక పోయి ఆ పెట్టె ముందట కూచున్న. లేవబుద్ధి కాలేదు.

పెద్దబాపూ, అది ఆ పటం కాదని రాయండి.

కమల.


ఖానాపూర్,
24 నవంబరు 1967.

కమలా,

అదే పటం.

పులి మీది రుషి మన మూలపురుషుడు. అటువంటి పటం ఈ తాలూకాలో ఇంకొకటి లేదు. పద్దెనిమిదేండ్ల కింద గంగలో కలిసిందని నేను దండం పెట్టిన పటం మీ వసారాలో ఉంది. రెండు దినాలు నాకు ముద్ద దిగలేదు.

డైరీ అందింది. 1949 నవంబరు 9 నాడు ఇట్ల రాసి ఉంది, మాట మార్చకుండా తెలుగు చేస్తున్న: "పొద్దున ఖానాపూర్ నుంచి వచ్చిన. పటం ట్రంకులో క్షేమం. ఇది కొన్నది కాదు. నంబరు వేయను. ఇచ్చినవారి పేరు రాయను."

చూసినవా మీ బాపు నిర్వాకం? దొంగసొత్తుకు చీటి అంటిస్తే చిక్కు అని తెలిసిన వకీలు! "కొన్నది కాదు" అంటే నమ్మటానికి నేను ఆయన జడ్జిని కాను. మొండయ్య ఇచ్చిండు, ఈయన పుచ్చుకున్నడు. దొరికిపోతరని తెలిసి పంచాయితికి ముఖం చాటేసిండు. పదిహేడేండ్లల్లో ఎప్పుడైనా తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు, ఆ తీర్పు సరిగానే రాసిననా అని ఒక ముల్లు కదిలేది. ఇక కదలదు. సరిగానే రాసిన.

రాయమల్లు ఇంటికి పోయి, పటం దొరికిందని, మొండయ్య దొంగతనం ఖాయమైందని చెప్పి వచ్చిన. "పంతులూ, సొంత తమ్మున్ని కూడా ఇడ్సిపెట్టవు గదా నువ్వు" అన్నడు. మెచ్చుకున్నడో ఎత్తిపొడిచిండో నాకు ఫికర్ లేదు. జనవరిలో కొండల్ అర్జీ కొట్టేస్తరు.

మీ పెద్దవ్వకు చెప్తే చేతిలో చెంబు జారి పడ్డది. పాపం, మరిది అంటే ఆమెకు అంత నమ్మకం ఉండె.

1950 డైరీ కూడా పంపు. ఏం ఎరజూపి తీసుకున్నడో తెలవాలె.

రామచంద్రం.


కరీంనగర్,
4 డిసెంబరు 1967.

పెద్దబాపుకు,

బాపు దొంగ అనే జాబును మీరు ఎంత సంబురంగా రాసిండ్రు! రెండు దినాలు ఏడ్చిన. మూడో దినం కండ్లు తుడుచుకొని, వకీలు బిడ్డను గనుక మీ జాబులు రెండూ పక్కపక్కన పెట్టి చదివిన.

బాసరకు ఎడ్లబండి మీద మూడు దినాలని మీరే రాసిండ్రు. బాపు మీ ఇంట్లో పూజ చూసుకొని మరునాడే, నవంబరు తొమ్మిది పొద్దునకల్లా కరీంనగర్ వచ్చిండు. పటం ఆయనతోటే ఉంది. అంటే మొండయ్య బండి నిర్మల్ కూడా దాటకముందే పటం ఇక్కడ ఉంది. మీరు అన్నట్లు తొవ్వలో మూట విప్పి అమ్మితే బాపుకు ఎట్ల చేరుతది? పటం మీ ఇంట్లోనుంచే బాపు ట్రంకులోకి వచ్చింది. ఎవరు ఇచ్చిండ్రు? ఇంత చదివిన మీకు తారీఖు ఎందుకు కనపడలేదో నాకు తెలుసు. మీకు మొండయ్య, బాపు తప్ప ఎవ్వరూ కనపడరు.

ఇంకో సంగతి. పటం మొత్తం మళ్లీ చూసిన. ఆఖరి బొమ్మ కింద, అంచు మీద, ఎర్ర రంగుతో ఒక వేలిముద్ర ఉంది. చాలా చిన్న వేలు. ముప్పై మూరల పటంలో బాపు ఆ ఒక్క తావు మీదనే పల్చటి మల్లుగుడ్డ కుట్టించిండు. బొమ్మలను వదిలి మరకను ఎందుకు కాపాడిండో అర్థం కాలేదు.

పోయే ముందు రోజు బాపు, "పెట్టె అన్నకు ఇయ్యకు, వదినెకు ఇయ్యి" అన్నడు. ఏ పెట్టె అంటే చెప్పలేదు. జ్వరంలో మాట అనుకున్న.

1950 డైరీ పంపుతున్న. నెమ్మదిగా చదవండి.

కమల.


ఖానాపూర్,
15 డిసెంబరు 1967.

బిడ్డా కమలా,

ఆ వేలిముద్ర మా బాలవ్వది.

నీకు గుర్తుండదు. లేక లేక పుట్టిన బిడ్డ. 1948 ఎండకాలంలో చిత్రకారుడు మా వాకిట్లో కూచొని వెలిసిపోయిన ఆ పటానికి మళ్లీ రంగులు దిద్దిండు. నాలుగేండ్ల పిల్ల, రంగు చిప్పలో వేలు ముంచి పటం మీద పెట్టింది. దేవుని పటం ఖరాబు చేసిందని నేను చెంప మీద కొట్టిన. ఆ వానకాలమే అమ్మవారు పోసి పోయింది. కొట్టిన సంగతి నేను ఇన్నేండ్లు తలుచుకోలేదు. తలుచుకోవద్దనే తలుచుకోలేదేమో.

1950 మే 19, పంచాయితికి ముందు రోజు, మీ బాపు రాసింది ఇది:

"వదినె తన పనిమనిషి పోశవ్వను పంపింది. కబురు ఇది: 'నువ్వు వస్తే ప్రమాణం చేయిస్తరు. నీకు అబద్ధం ఆడరాదు. నిజం చెప్తే మీ అన్న నన్ను ఇంట్ల ఉంచడు.' వదినె అన్నది నిజం. అన్న ఉంచడు. ఆయనకు న్యాయం తెలుసు, జాలి తెలవదు. రేపు ఖానాపూర్ పోను. మొండయ్య మునుగుతడు. ఇకమీద నన్ను ఎవరైనా వకీల్‌సాబ్ అంటే సిగ్గుతో చావాలె."

డైరీ మూసి లోపలికి పోయిన. సత్తమ్మ చేటలో బియ్యం చెరుగుతున్నది.

"పటం రాజంకు ఇచ్చింది నువ్వేనా?" అన్న.

చేట ఆపలేదు. "ఇయ్యాలనా అడిగేది?" అన్నది.

"పదిహేడేండ్లు నాతోని ఒక్క మాట..."

"నువ్వు అడిగితే చెప్దునేమో. ఊరందరిని అడిగినవ్, రాసుకున్నవ్. మూట కుట్టినదాన్ని నన్ను అడిగినవా?"

అడగలేదు. నా భార్యను అడగాలని కూడా నాకు తోచలేదు.

"మరి ఆ బొంత?"

"బాలవ్వది. నీ పాత ధోతులతోనే కుట్టిన. పంచాయితిల నీ ముంగట్నే పెట్టిరంట గదా. నీ ధోతి అంచు నువ్వే పోలుస్తలేవు, ఇగ నన్నేం పోలుస్తవ్?"

బురద పట్టిన ఆ బొంతను నా కలం చివరతో పక్కకు జరిపింది నాకు గుర్తుంది.

తర్వాత ఆమెనే చెప్పింది. "బిడ్డను మట్టిల పెట్టిండ్రు, సరే అంటి. బొమ్మలు పారేసిండ్రు, సరే అంటి. గా ఏలు గుర్తును గూడ గంగల ఇడుస్తమంటే నా చెయ్యి రాలే. నీకు చెప్తే శాస్త్రం చెప్తవ్. రాజం పాత సామాను దాస్తడు, నవ్వడు. అందుకే ఆయనకిచ్చిన. మొండన్న మీదికి వస్తదని నాకేమెరుక?"

"వచ్చినంక?"

అప్పుడు చేట కింద పెట్టింది. "వచ్చినంక నీకు భయపడ్డ."

ఇదంతా రాయటానికి నాకు నాలుగు కాగితాలు చెడినయి. ఏం చేయాలో తెలుస్తలేదు. ఇటువంటి వాక్యం నేను నా జన్మలో ఎవ్వరికీ రాయలేదు.

పెద్దబాపు.


కరీంనగర్,
22 డిసెంబరు 1967.

పెద్దబాపుకు, పెద్దవ్వకు దండాలు.

మీ జాబు అందింది. బాపు దొంగ కాదు. అంతవరకు మనసు తేలిక పడ్డది. ఆ వెంటనే మొండయ్య యాదికొచ్చి ఆ తేలిక కూడా పోయింది. బాపు వదినెను కాపాడిండు. ఆ కాపాడటానికి పదిహేడేండ్లు బొగ్గు మోసింది ఇంకో మనిషి. ఈ పని గొప్పదని నేను అనలేను, ఆయన బిడ్డనైనా సరే.

పెద్దవ్వ పేరు రాకుండా మొండయ్య మీది మచ్చ తీసే తొవ్వ ఉందా అని చానా ఆలోచించిన. కనపడలేదు. మీరు రాయమల్లుకు చెప్పి వచ్చిన మాట ఊర్లో తిరుగుతుంటది. దాన్ని మీరే వెనక్కి తేవాలె. సభ నాడు మీరు ఊరుకుంటే కొండల్‌ది కూడా మొండయ్య బతుకే అయితది.

నేనే వచ్చేదాన్ని. నాకు ఎనిమిదో నెల, బస్సు ఎక్కొద్దంటున్నరు. ఆనాడు బాపు రాలేదు, ఈనాడు నేను రాలేకపోతున్న. మా ఇంటికి ఇదొక అలవాటు అనుకుంటరేమో. డైరీలు రెండూ మీ దగ్గరే ఉన్నయి. పటం మీరు ఎప్పుడంటే అప్పుడు మనిషితో పంపుత.

పెద్దవ్వ మీద కోపం చేయకండి. చేసినా తిండి మానకండి, ఇద్దరూ.

కమల.


ఖానాపూర్,
20 జనవరి 1968.

చిరంజీవి కమలకు ఆశీస్సులు.

మొన్న సభ జరిగింది. ఎవరెవరో నీకు రకరకాలుగా రాస్తరు. వాళ్లకంటే ముందే నేను రాస్తున్న.

రెండు వందల మంది కూడిండ్రు. ఆడవాళ్లు వెనుక గోడ పొంటి కూచున్నరు. మొండయ్య నస్పూర్ నుంచి వచ్చిండు. నేను పోల్చలేదు. నా కంటే చిన్నవాడు, నా తండ్రి లెక్క ఉన్నడు. మాటకు ముందు దగ్గు, మాట వెనుక దగ్గు. రాయమల్లు లేచి, "పంతులు పటం పట్టుకున్నడు, దొంగతనం రుజువైంది, ఇగ అర్జీ ఏంది?" అన్నడు.

నేను నిలబడ్డ. ఏం చెప్పాలో ఇంట్లో పది సార్లు రాసుకొని పోయిన. కాగితం తీయలేదు. "పటం మొండయ్య అమ్మలేదు. మా ఇంట్లో మార్చింది నేను. నా తమ్మునికి ఇచ్చింది నేను" అన్న.

రాయమల్లు నోరు తెరిచి మూయలేదు. అప్పుడు వెనుక గోడ దిక్కు నుంచి మీ పెద్దవ్వ లేచింది.

"ఆయన జన్మల ఒక్క అబద్ధం ఆడలే. అందుకే ఆడరాదు, సూడుండ్రి చెవులెట్ల ఎర్రబడ్డయో. పటం ఇచ్చింది నేను. బొంత పెట్టి కుట్టింది నేను. మొండన్నకు అన్యాలం చేసింది నేను" అన్నది.

ఎవరో ఆడమనిషి "అవ్వో!" అన్నది. మీ పెద్దవ్వ సభ నడుమకు నడిచి వచ్చి మొండయ్య కాళ్ల మీద పడబోయింది. ఆయన వెనక్కి జరిగిండు.

"వద్దు సత్తవ్వా. నాకెరుకే" అన్నడు.

నేను ఉలిక్కిపడ్డ. ఎప్పటి నుంచి ఎరుక అని అడిగిన.

"మూట ఎత్తంగనే. మా నాయిన బుజం మీదికెల్లి నా బుజం మీదికి వచ్చిన పటం పంతులూ, దాని బరువు నాకు తెల్వదా? ఎత్తిన, గడప దిక్కు సూసిన. సత్తవ్వ నిలబడ్డది. బిడ్డ పోయి ఏడాది దాటిందో లేదో. ఆ మొఖం సూసి, పోనీ అనుకున్న. బొంతనే తీస్కపోయి గంగల ఇడిచి దండం పెట్టిన."

"మరి పంచాయితిలో ఎందుకు చెప్పలేదు?"

"మీ ఇండ్లల్ల తింట, మీ ఆడోళ్లు నాకు ఆడబిడ్డలు. ఆడబిడ్డ పేరు పంచాయితిల ఎత్తుదునా? నా చేతికిచ్చిన మూట గంగల ఇడిచిన అని చెప్పిన. అబద్ధమా?"

అబద్ధం కాదు. ఆనాడు నేను ఆ మాటనే రాసుకొని, దాని కింద "తప్పించుకునే జవాబు" అని నా దస్తూరితో రాసిన. ఆ కాగితం కులం పెట్టెలో ఇప్పటికీ ఉంది.

హక్కు తిరిగి ఇచ్చిండ్రు. నలభై ఊర్లు, కొండల్ పేరు మీద. రాయమల్లే తన కండువా తీసి కప్పిండు. నాకు ఆయనంటే ఇప్పటికీ పడదు గాని, ఆ పని చేసిండని రాయక తప్పదు. కొండల్‌ను ఒక పద్యం చెప్పమన్నరు. ఇరవై రెండేండ్ల మనిషి, బాయిలో షిఫ్టు మాని వచ్చిండు. తల వంచుకొని, "నాకు కథ రాదు. మా బాపు ఇంట్ల ఒక్కనాడు నోరు తెరువలే. పద్యం అంటే లేచి బయటికి పోతుండె" అన్నడు. మొండయ్యను చెప్పమంటే మొదటి పాదం ఎత్తుకున్నడు. దగ్గు వచ్చింది. మళ్లీ ఎత్తుకున్నడు. మళ్లీ దగ్గు. కొడుకే చెయ్యి పట్టి కూచోబెట్టిండు. రెండు వందల మందిమి నేల చూసుకుంటూ కూచున్నం. హక్కు ఉంది, కథ లేదు.

పటం పంపించు. ఎట్లైనా గంగకే పోవాలని మొండయ్య అన్నడు. మీ పెద్దవ్వ ఒప్పుకున్నది. ఇన్నేండ్లల్లో ఆమె ఆ గుర్తును ఒక్కపారి కూడా చూడలేదట. నేను మీ ఇంటికి పోనిచ్చిన్నా? "ఒక్క పూట నా ఒళ్లో పెట్టుకొని ఇచ్చేస్త" అన్నది. ఈసారి మూట కట్టేటప్పుడు నేను పక్కన కూచుంట. శాస్త్రం చెప్పను.

ఇంటికి వచ్చినంక మీ పెద్దవ్వను అడిగిన, ఆనాడే చెప్పి ఉంటే నిజంగా నేను నిన్ను వెళ్లగొడుదునా అని. "ఏమో" అన్నది. నాకూ ఏమోనే. కాని బిడ్డా, సభలో నిలబడి నేను ఆమె కోసం అబద్ధం ఆడిన. అరవై ఆరేండ్లకు, రెండు వందల మంది ముందట. ఆ చేతనైన పని 1950లో చేతకాకపోవునా? చేతకాకపోవును కావచ్చు. చేతనవును కావచ్చు. అది తేల్చుకునే ఒక్క దినం నాకు రావాల్సి ఉండె. ఒక్కడు ఇంట్లో కూచొని, తలుపు వేసుకొని, నా తరఫున జవాబు రాసి, సంతకం పెట్టి, తాళం వేసిండు. హత్య చేసినవానికి కూడా, వాడు చెప్పుకునేది వినకుండా శిక్ష వేయొద్దని కోర్టుల్లో వాదించిన మనిషి, నన్ను ఒక్క మాట అడగలేదు. కాగితానికి చెప్పుకున్నడు, అన్నకు చెప్పలేదు.

మొండయ్యను తప్పు పట్టటానికి నాకు నోరు లేదు. సత్తమ్మను పట్టను. నా తప్పు నా దగ్గర ఉంది, దాన్ని చూసుకుంట. ఆఖరి బస్సు వచ్చినప్పుడల్లా ఇప్పటికీ నేను తిట్టుకునేది ఒక్కణ్ణే, మా రాజంను.